ముందు ట్యాంకులో సీవో
(లెఫ్టినెంట్ కర్నల్ అర్దేశిర్ బుర్జోర్జీ తారాపోర్ స్మారకోపన్యాసం పాఠం)



మన దేశంలో ఇప్పటిదాకా పరమవీర చక్ర పొందినవాళ్ళు 21 మంది. ఆ జాబితాను ఒకసారి హోదాల ప్రకారం చదివి చూడండి. లాన్స్ నాయక్, నాయక్, హవల్దార్, సుబేదార్, సెకండ్ లెఫ్టినెంట్, కెప్టెన్, మేజర్. ఎక్కువ మంది ఒక సెక్షన్‌నో, ప్లాటూన్‌నో, కంపెనీనో నడిపిస్తూ శత్రువు మీదికి ఉరికినవాళ్ళు. పోరాటం జరిగిన నాటి హోదా చూస్తే మేజర్‌కి పైన ఒకే ఒక్క పేరు కనిపిస్తుంది. అది తారాపోర్‌ది. 21 మందిలో ఒక పూర్తి రెజిమెంట్‌కి కమాండింగ్ ఆఫీసర్‌గా (సీవోగా) ఉంటూ ఆ పతకం పొందినవారు ఆయన ఒక్కరే.

ఈ తేడా మీద నాకు మొదటి నుంచీ ఆసక్తి. మెషీన్‌గన్ గూడు మీదికి గ్రెనేడ్ పట్టుకుని పరిగెత్తే యువకుడి సాహసం మనకి వెంటనే అర్థమవుతుంది. నలభైకి పైగా ట్యాంకులకీ, వందల మంది మనుషులకీ బాధ్యుడైన నలభై రెండేళ్ళ అధికారి సంగతి వేరు. ఆయన పని తుపాకీ పేల్చడం కాదు. రేడియోలో నాలుగు వైపుల నుంచి వచ్చే మాటలు విని, ఎవరు ఎటు కదలాలో చెప్పడం. కాస్త వెనక ఉండి ఆ పని చేసినా ఎవరూ వేలెత్తి చూపరు. అలాంటి మనిషికి అత్యున్నత శౌర్య పతకం ఎందుకొచ్చింది? ఈ సాయంత్రం నేను మాట్లాడదలచుకున్నది ఈ ప్రశ్న గురించే. అయితే దానికి జవాబు 1965లో ఆయన పోరాడిన పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ పొలాల్లో మొదలుకాదు. మన గోల్కొండలో మొదలవుతుంది.

తారాపోర్ 1923 ఆగస్టు 18న బొంబాయిలో పుట్టారు. పూర్వీకుల్లో రతన్‌జీబా అనే ఆయన శివాజీ సేనలో నాయకుడిగా పనిచేసి నూరు గ్రామాలు ఇనాంగా పొందారని, వాటిలో పెద్దదైన తారాపోర్ పేరే ఇంటిపేరైందని కుటుంబంలో చెప్పుకుంటారు. తాతగారి కాలంలో కుటుంబం హైదరాబాద్ చేరింది. ఆయన నిజాం ప్రభుత్వ ఆబ్కారీ శాఖలో ఉద్యోగి. కుర్రవాణ్ణి మాత్రం ఏడేళ్ళకే పుణెలో బోర్డింగ్ స్కూల్లో వేశారు. 1940లో మెట్రిక్ అయింది. చదువులో మామూలు విద్యార్థే. ఆటల్లో ముందుండేవాడు, స్కూల్ కెప్టెన్ కూడా.

స్కూలు అయిపోగానే సైన్యానికి దరఖాస్తు పెట్టాడు. ఏ సైన్యం అన్నది ఇక్కడ ముఖ్యం. బ్రిటిష్ ఇండియా సైన్యం కాదు. నిజాం సొంత సైన్యం, హైదరాబాద్ స్టేట్ ఫోర్సెస్. గోల్కొండలోని అధికారుల శిక్షణ పాఠశాలలో తొలి శిక్షణ, ఆ తర్వాత బెంగుళూరులో మలి శిక్షణ. 1942 జనవరిలో 7వ హైదరాబాద్ ఇన్‌ఫెంట్రీలో సెకండ్ లెఫ్టినెంట్‌గా చేరాడు. ఆ పదాతి దళంలో అతనికి మనసు కుదరలేదు. ట్యాంకులు, సాయుధ కార్లు ఉన్న దళంలోకి వెళ్ళాలని కోరిక. దరఖాస్తుల వల్ల అయ్యే పని కాదది. చివరికి ఒక ప్రమాదం వల్ల అయింది.

గ్రెనేడ్లు విసరడం నేర్పుతున్న రోజు. ఒక కొత్త సిపాయి చేతిలోంచి పిన్ను లాగిన గ్రెనేడ్ ముందుకు వెళ్ళకుండా అక్కడే, విసిరే గుంటలో పడింది. పిన్ను తీసిన గ్రెనేడ్ పేలడానికి కొన్ని సెకన్లే వ్యవధి. తారాపోర్ గుంటలోకి దూకి దాన్ని అందుకుని బయటికి విసిరాడు. చేతిని వదిలీ వదలకముందే అది పేలింది. ఇనప ముక్కలు అతని ఛాతీలో దిగాయి. ఆ రోజు తనిఖీకి వచ్చి ఇదంతా కళ్ళారా చూసిన వ్యక్తి మేజర్ జనరల్ సయ్యద్ అహ్మద్ ఎల్ ఎద్రూస్, హైదరాబాద్ సైన్యానికి సర్వసేనాధిపతి. గాయాలు మానాక కుర్రవాణ్ణి పిలిపించి అభినందించారు. ఇలాంటి సమయంలో ఎవరైనా వినయంగా తలొంచుకుని వచ్చేస్తారు. తారాపోర్ మాత్రం అదే అదనుగా సాయుధ దళానికి బదిలీ అడిగేశాడు. జనరల్ సరే అన్నారు. అలా 1వ హైదరాబాద్ ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్స్‌లో చేరాడు.

ఈ లాన్సర్స్ గురించి ఒక మాట చెప్పాలి, మన ఊళ్ళో చాలామందికి తెలియదు కాబట్టి. ఢిల్లీలో తీన్‌మూర్తి కూడలి ఉంది కదా, ఆ మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్‌ది. మిగతా రెండూ జోధ్‌పూర్, మైసూరు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ మూడు సంస్థానాల అశ్వికులు కలిసి ఒకే బ్రిగేడ్‌గా సూయజ్ నుంచి పాలస్తీనా దాకా పోరాడారు. 1918లో హైఫా పట్టణం పట్టుకున్న బ్రిగేడ్ అదే. రెండో ప్రపంచ యుద్ధం నాటికి గుర్రాలు పోయి ఇంజన్లు వచ్చాయి. తారాపోర్ ఆ దళంతో పశ్చిమాసియాకి వెళ్ళారు. యుద్ధం ముగిశాక తిరిగివచ్చారు.

ఇక 1948. సెప్టెంబరు 13న భారత సైన్యం నాలుగు దిక్కుల నుంచి హైదరాబాద్ సంస్థానంలో ప్రవేశించింది. అయిదు రోజుల్లో అయిపోయింది. 17న నిజాం లొంగుబాటు ప్రకటించారు. మరునాడు సాయంత్రం ఎల్ ఎద్రూస్ భారత దళాల నాయకుడు మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ముందు లాంఛనంగా ఆయుధాలు అప్పగించారు. ప్రతి ఏటా సెప్టెంబరు 17 వచ్చేసరికి దాన్ని విలీనం అనాలా, విమోచనం అనాలా, ఇంకేమైనా అనాలా అని మనం గొడవపడతాం. గొడవపడాల్సిన విషయమే, కాదనను. రజాకార్ల దౌర్జన్యాలు, రైతుల పోరాటం, సైనిక చర్య తర్వాత జరిగిన హింస, ఇవన్నీ ఈ నేల మీద ఇంకా మానని గాయాలు. ఆ గొడవలో మనం పట్టించుకోని ప్రశ్న ఒకటుంది. ఓడిన సైన్యంలోని అధికారులు ఏమయ్యారు?

కొందరు ఇళ్ళకి పోయారు. కొందరు పాకిస్తాన్ వెళ్ళారు. నిజాం సైన్యాన్ని రద్దు చేశాక, పనికొస్తారనుకున్న కొద్దిమందిని వడపోసి భారత సైన్యంలోకి తీసుకున్నారు. తారాపోర్ ఆ కొద్దిమందిలో ఒకరు. 1951 ఏప్రిల్‌లో 17వ హార్స్‌లో, అంటే పూనా హార్స్‌లో కమిషన్ పొందారు. చదువుకున్న ఊరి పేరే రెజిమెంట్ పేరు కావడం కాకతాళీయం. అంతకన్నా విచిత్రమైన విషయం ఇంకొకటుంది. 1965లో ఆయన తన రెజిమెంట్‌తో సరిహద్దు దాటినప్పుడు భారత సైన్యాధ్యక్షుడు ఎవరు? జనరల్ జె.ఎన్. చౌధురి. తన మొదటి సేనాధిపతి ఎవరికి ఆయుధాలు అప్పగించారో, సరిగ్గా ఆయన నాయకత్వంలోనే, 17 ఏళ్ళ తర్వాత, తారాపోర్ యుద్ధానికి వెళ్ళారు.

సంస్థానాల సైన్యాల నుంచి వచ్చినవాళ్ళని పాత ఇండియన్ ఆర్మీ వాళ్ళు కాస్త తక్కువగా చూడటం ఆ రోజుల్లో ఉండేది. సైన్యం కూడా మన సమాజంలోదే కదా, దానికీ కులగోత్రాల పట్టింపులుంటాయి. పూనా హార్స్ పుట్టుక 1817 నాటిది. పీష్వాతో కుదిరిన ఒప్పందం వల్ల ఏర్పడిన అశ్విక దళం. పర్షియాలో 1857 నాటి ఖుషాబ్ యుద్ధంలో గెలుచుకున్న పతాకాన్ని ఇవాళ్టికీ గర్వంగా చెప్పుకునే రెజిమెంట్. అలాంటి చోట బయటి నుంచి వచ్చిన హైదరాబాదీ పార్సీ స్క్వాడ్రన్‌కి నాయకుడయ్యారు. సెంచూరియన్ ట్యాంకుల మీద శిక్షణకి ఇంగ్లండ్ వెళ్ళొచ్చారు. చివరికి రెజిమెంట్‌కే కమాండెంట్ అయ్యారు. మధ్య సంవత్సరాల గురించి ఇంతకన్నా చెప్పాల్సింది పెద్దగా లేదు. శాంతికాలంలో మంచి అధికారి చేసే పనంతా కవాతులు, శిక్షణ, మరమ్మతులు, సెలవు చీటీల మీద సంతకాలు.

అయితే సెంచూరియన్ సంగతి కొంచెం చెప్పుకోవాలి. యాభై టన్నుల బ్రిటిష్ ట్యాంకు అది. నెమ్మదిగా నడుస్తుంది, కవచం మందం. ఎదురుగా ఉన్న పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులు అమెరికావి. వాటి గురి చూసే యంత్రాంగం ఎంతో ఆధునికం, వాడటం అంత కష్టం కూడా. మనవాళ్ళు సాదా యంత్రంతో రోజుకి వందసార్లు సాధన చేసి, దూరం కంటితో అంచనా వేసి, వెంటవెంటనే గుళ్ళు పేల్చడం నేర్చుకున్నారు. ఇంకో సంగతి. ట్యాంకు కమాండర్ పైమూత మూసుకుని లోపల కూర్చుంటే చిన్నపాటి అద్దాల్లోంచి మాత్రమే చూడగలడు. మూత తెరిచి తల బయటపెట్టి నిలబడితే యుద్ధభూమి అంతా కనిపిస్తుంది. శత్రువుకీ అతను కనిపిస్తాడు. ఫిరంగి గుండు పక్కన పడితే ముక్కలు ముందు తగిలేది అతనికే.

1965 సెప్టెంబరు 1న పాకిస్తాన్ ఛంబ్ వైపు దాడి చేసింది. అఖ్నూర్ వంతెన పోతే ఆ ప్రాంతంలోని భారత దళాలకి సరఫరా దారి తెగిపోతుంది. ఆ ఒత్తిడి తగ్గించడానికి 6న లాహోర్ వైపు, 7, 8 తేదీల మధ్య రాత్రి సియాల్‌కోట్ వైపు భారత సైన్యం సరిహద్దు దాటింది. సియాల్‌కోట్ వైపు వెళ్ళిన వాటిలో ప్రధానమైనది అప్పటికి మన ఏకైక సాయుధ డివిజన్. దానికి నాయకుడు మేజర్ జనరల్ రాజిందర్ సింగ్, 'స్పారో' అని అందరూ పిలిచేవారు. దాని ముందు భాగంలో రెండు రెజిమెంట్లు: పూనా హార్స్, దాని పక్కన 16వ కావల్రీ. ఈ రెండోది మన దక్షిణాదివాళ్ళ రెజిమెంట్, తెలుగువాళ్ళు కూడా పనిచేసే దళం.

మొదటి రోజు బాగా జరగలేదు. స్మారక సభల్లో ఇలాంటివి దాటేస్తుంటారు, నేను దాటెయ్యదలచుకోలేదు. 8వ తేదీన గడ్‌గోర్ దగ్గర పాకిస్తాన్ 25వ కావల్రీ ఎదురైంది. ఒక్క రెజిమెంట్. అది మన పురోగతిని నిలిపేసింది. ఎదురుగా ఎంత బలం ఉందో సరిగా అంచనా వెయ్యక డివిజన్ ఆగిపోయి, దాదాపు రెండు రోజులు సర్దుకోవడంలోనే గడిపింది. ఆ రెండు రోజుల్లో పాకిస్తాన్ తన బలగాలు తెచ్చుకుంది. ఆ జాప్యం మీద సైనిక చరిత్రకారులు ఇప్పటికీ రాస్తూనే ఉన్నారు. నా అభిప్రాయం ఇది. ఆ మొదటి రోజే తెగించి ఉంటే తర్వాత ఆ రంగంలోని చావిండా పట్టణం చుట్టూ అంత నెత్తురు పారేది కాదేమో.

11న మళ్ళీ కదిలారు. ఈసారి ఫిల్లోరా అనే ఊరు లక్ష్యం, ప్రధాన దెబ్బ కొట్టే పని పూనా హార్స్‌ది. ఫిల్లోరాని వెనక నుంచి కొట్టాలని, ఫిల్లోరాకీ చావిండాకీ మధ్య సందులోకి తారాపోర్ రెజిమెంట్‌ని నడిపించారు. అలా వెళ్తుంటే వజీర్‌వాలీ వైపు నుంచి శత్రు ట్యాంకులు పక్కనుంచి విరుచుకుపడ్డాయి. ఇక్కడ కమాండర్ ముందున్న దారులు రెండు. వెనక్కి తగ్గి మళ్ళీ కూడగట్టుకోవచ్చు. లేదా సగం బలంతో పక్కనున్న ముప్పును ఆపుతూ మిగతా బలంతో అనుకున్న పని పూర్తి చెయ్యవచ్చు. రెండోది ప్రమాదకరం, ఎందుకంటే రెండు చోట్లా బలం చాలకపోవచ్చు. తారాపోర్ రెండోదే ఎంచుకున్నారు. ఎదురుదాడికి నిలబడి, ఒక స్క్వాడ్రన్‌తో, పదాతి దళాన్ని తోడు తీసుకుని ఫిల్లోరా మీదికి వెళ్ళారు. సాయంత్రానికి ఫిల్లోరా మన చేతికొచ్చింది. ఆ రోజే ఆయనకి గాయమైంది. వెనక్కి వెళ్ళమంటే వెళ్ళలేదు.

ఈ 'వెళ్ళలేదు' అన్న మాట ప్రతి వీరగాథలోనూ ఉంటుంది, విని విని మనకి పట్టింపు పోయింది. కాస్త ఆగి ఆలోచించండి. గాయపడ్డ సిపాయి వెనక్కి వెళ్తే ఒక తుపాకీ తగ్గుతుంది. గాయపడ్డ సీవో వెనక్కి వెళ్తే రేడియోలో ఆ గొంతు మారుతుంది. అప్పటిదాకా రోజంతా ఒక గొంతును నమ్మి గుళ్ళ మధ్య కదిలిన స్క్వాడ్రన్ కమాండర్లకి ఆ మార్పు ఏమిటో ఈ సభలో ముందు వరసలో కూర్చున్న మాజీ సైనికులకి నేను చెప్పక్కర్లేదు. తారాపోర్ దగ్గర నాకు కనిపించే అసలు శౌర్యం ఇదే. చావుకి తెగించడం ఒక్కటే అయితే దాన్ని కుర్రవాళ్ళు ఇంకా బాగా చేస్తారు. నొప్పితో, నిద్ర లేకుండా, అయిదు రోజుల పాటు సరైన నిర్ణయాలు తీసుకుంటూ పోవడం, అదీ ముందు వరసలోనే ఉండి తీసుకోవడం చాలా కష్టమైన పని.

14న వజీర్‌వాలీ పట్టుకున్నారు. 16న జస్సోరాన్, బుట్టుర్ దోగ్రాండీ. పేర్లు మనకి కొత్తగా వినిపిస్తాయి, చెరకు తోటల మధ్య మట్టి ఇళ్ళ ఊళ్ళు అవి. వాటికున్న విలువల్లా చావిండాకి వెనక వైపున ఉండటమే. ట్యాంకులు ఆ రెండు చోట్లా కదలకుండా నిలబడితే, వాటి అండతో పదాతి దళం చావిండాని వెనక నుంచి కొట్టవచ్చు. కదలకుండా నిలబడటం ట్యాంకుకి ఇష్టంలేని పని, ఎందుకంటే నిలబడ్డ ట్యాంకు మీద ఎవరైనా గురిపెట్టగలరు. ఆ రోజు తారాపోర్ సొంత ట్యాంకుకి ఎన్నోసార్లు దెబ్బలు తగిలాయి. ఆయన ఆ రెండు స్థానాలనీ వదల్లేదు.

బుట్టుర్ దోగ్రాండీ దగ్గర ఆయనతో కలిసి పోరాడిన పదాతి దళం 8వ గఢ్వాల్ రైఫిల్స్. దాని కమాండింగ్ ఆఫీసర్ లెఫ్టినెంట్ కర్నల్ ఝిరాద్, బెనె ఇజ్రాయెల్ శాఖకి చెందిన యూదు. ఆయనా ఆ పోరులోనే చనిపోయారు. వెంటనే పగ్గాలు పట్టిన మేజర్ అబ్దుల్ రఫే ఖాన్ మరునాడు నేలకొరిగారు, ఆయనకి వీరచక్ర వచ్చింది. ఒక పార్సీ, ఒక యూదు, ఒక ముస్లిం. దీని మీద నేను ఏ వ్యాఖ్యానమూ చెయ్యను. ఆ గఢ్వాలీ జవాన్లు, పూనా హార్స్‌లోని రాజ్‌పుత్ జవాన్లు కూడా తమ అధికారి ఏ గుడికి వెళ్తాడని ఆ వారం రోజుల్లో అడిగి ఉండరు.

సెప్టెంబరు 16నాడే తారాపోర్ ప్రాణాంతకంగా గాయపడి చనిపోయారు. నాయకుడు పోయినా రెజిమెంట్ చెదరలేదు. ఆ కొద్ది రోజుల్లో పూనా హార్స్ సుమారు 60 శత్రు ట్యాంకుల్ని ధ్వంసం చేసిందని, తాను కోల్పోయింది 9 మాత్రమే అని ఆయన పరమవీర చక్ర ప్రశంసా పత్రం చెబుతోంది. యుద్ధంలో లెక్కలు రెండు పక్షాలూ తమకి తోచినట్టు చెప్పుకుంటాయి కాబట్టి ఆ అంకెను అటుంచినా, ఎదురుగా మెరుగైన ట్యాంకులున్న శత్రువు మీద ఆ రెజిమెంట్ పైచేయి సాధించిందన్నది కాదనలేని విషయం.

మరి చావిండా? చావిండా పడలేదు. బుట్టుర్ దోగ్రాండీని మరునాడే వదులుకోవాల్సి వచ్చింది. 18, 19 తేదీల మధ్య రాత్రి మరో డివిజన్ చావిండా మీద చేసిన దాడి చీకట్లో తికమకపడి విఫలమైంది. 23 తెల్లవారుజామున కాల్పుల విరమణ. 1966 జనవరి 10న తాష్కెంట్‌లో ఒప్పందం. గెలిచిన ఊళ్ళన్నీ తిరిగి ఇచ్చేశారు, అవతలివాళ్ళూ ఇచ్చేశారు. పై స్థాయి ప్రణాళిక అనుకున్నంత సాధించలేదని ఒప్పుకుంటే తారాపోర్ గొప్పతనం తగ్గిపోతుందేమోనని కొందరు భయపడతారు. నాకు ఆ భయం లేదు. కోర్ స్థాయిలో సందేహాలు, ఆలస్యాలు ఉన్న యుద్ధంలో రెజిమెంట్ స్థాయిలో ఒక మనిషి తనకిచ్చిన పనిని చివరి అంగుళం దాకా చేశాడంటే, అతని లెక్క వేరేగా చూడాలి.

ఆయన చివరి కోరిక గురించి చెప్పాలి. యుద్ధంలో ఉండగానే తారాపోర్ తోటి అధికారి అయిన మేజర్ ఒకరితో అన్నారట: నేను పోతే నన్ను యుద్ధభూమిలోనే దహనం చెయ్యండి. నా ప్రార్థన పుస్తకం అమ్మకి, మెడలో బంగారు గొలుసు భార్యకి, ఉంగరం కూతురికి, చేతి కడియం, ఫౌంటెన్ పెన్ కొడుక్కి చేర్చండి. వస్తువులు పంచిన తీరు ఎవరికైనా గుండె పట్టేస్తుంది. దానికన్నా ముందు మాట నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. పార్సీలకి అగ్ని పవిత్రం. శవాన్ని నిప్పుకి అర్పించడం వాళ్ళ ఆచారానికి విరుద్ధం.  ఆ మతాన్ని గట్టిగా నమ్మిన, ప్రార్థన పుస్తకం వెంట ఉంచుకునే మనిషి తనని కాల్చెయ్యమన్నాడు. నాకు తోచేది ఇది. పోరు జరుగుతుండగా ఒక శవాన్ని వెనక్కి మోసుకెళ్ళడానికి వాహనం, మనుషులు, సమయం కావాలి. రెజిమెంట్‌కి అవేవీ మిగిలి ఉండవని ఆ రెజిమెంట్ కమాండర్‌కే కదా అందరికంటే బాగా తెలిసేది. తన శరీరం విషయంలో కూడా ఆయన సీవోగానే ఆలోచించారు.

దహనం జరిగే సమయంలో పాకిస్తాన్ ఫిరంగులు గౌరవంగా మౌనం పాటించాయని ఒక కథ చెలామణిలో ఉంది. నాకూ ఆ కథ ఇష్టమే. కానీ కథగానే ఇష్టం.

పరమవీర చక్ర మరణానంతరం ప్రకటించారు. 2023 జనవరిలో అండమాన్‌లో 21 దీవులకి ఆ 21 మంది పేర్లు పెట్టినప్పుడు ఒక దీవి తారాపోర్ పేరు పొందింది. పూనా హార్స్‌కి ఆరేళ్ళ తర్వాత మళ్ళీ ఒక పరమవీర చక్ర వచ్చింది. 1971 జూన్‌లో రెజిమెంట్‌లో చేరిన సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్, వయసు 21. బసంతర్ నది దగ్గర, షకర్‌గఢ్ రంగంలో, డిసెంబరు 16న తన ట్యాంకు అంటుకున్నాక దాన్ని వదిలి బయటికి రమ్మని రేడియోలో పిలుపొస్తే, తుపాకీ ఇంకా పనిచేస్తోందని చెప్పి అక్కడే ఉండిపోయాడు. అతను తారాపోర్‌ని ఎన్నడూ చూడలేదు. అతను పనిచేసిన రెజిమెంట్‌లోని రిసాల్దార్లూ దఫేదార్లూ మాత్రం చాలామంది 1965లో ఆ సీవో గొంతును రేడియోలో విన్నవాళ్ళే.